ఆకుల కషాయంతో వెండి నానోకణాలు ఎలా తయారవుతాయి, వాటితో ఉపయోగమేంటి?

నానోకణాలంటే కంటికి కనిపించనంత చిన్న కణాలు. వాటిని చేసే పని చాలా సింపుల్. వేపాకుల్ని డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించి, వడకట్టి, ఆ కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ (వెండి ఉన్న ఒక లవణం) ద్రావణంలో కలుపుతారు. లేత పసుపుగా ఉన్న ద్రవం మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది. వెండి కణాలు పుట్టాయనడానికి అదే మొదటి గుర్తు. ఆకులోని పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు అనే సహజ పదార్థాలు వెండి అయాన్లకు (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న వెండి పరమాణువులకు) ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహంగా మారుస్తాయి. కషాయంలోని పదార్థాలే కణాల చుట్టూ పొరలా పట్టి, ముద్దకట్టకుండా ఆపుతాయి. అందుకే విడిగా ఘాటు రసాయనాలు అక్కర్లేదు. కుళాయి నీళ్లు మాత్రం వాడకూడదు. అందులోని క్లోరైడ్ వల్ల తెల్లటి సిల్వర్ క్లోరైడ్ మడ్డి దిగుతుంది, ప్రయోగం పాడవుతుంది.

వెండి కణాలు బ్యాక్టీరియాను చంపుతాయి కాబట్టి గాయాలకు కట్టే డ్రెస్సింగ్‌లలో, నీటి ఫిల్టర్లలో వాడతారు. బంగారు కణాలైతే ఎర్రగా ఉంటాయి. చాలా ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్పుల మీద కనిపించే ఎర్రగీత వాటిదే. అయితే అవి సాధారణంగా రసాయన పద్ధతిలో చేసినవి. ఆకు పద్ధతికి అసలు చిక్కు ఏంటంటే, ఆకు ఎక్కడ, ఏ కాలంలో కోశారన్నదాన్ని బట్టి కషాయం మారుతుంది, దాంతో కణాల సైజూ మారిపోతుంది. ఫ్యాక్టరీకి అదే పెద్ద టెన్షన్.