చంటిపాపతో ఓడ ప్రయాణం

ప్రశ్న: అక్కా, మా పాపకి ఎనిమిది నెలలు నిండాయి. ఇంటిల్లిపాదీ విశాఖలో క్రూయిజ్ ఎక్కి చెన్నై వెళ్దామంటున్నారు. నాకేమో టెన్షన్.
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: ధైర్యంగా వెళ్లమ్మా. చాలా ఓడల్లో ఆరు నెలలు నిండాకే ఎక్కనిస్తారు, మీ పాపకి ఆ చిక్కు లేదు. జనన ధ్రువపత్రం పెట్టుకో. పిల్లల మంచం బుకింగప్పుడే అడుగు. పాలపొడి, డైపర్లు లెక్కకి మించే సర్దు. పాపకి అలవాటైన రకం సముద్రం మధ్యలో దొరకదు. ఇంట్లో చేసిన తిండి చాలా ఓడల్లో రానివ్వరు, అందుకే ఇంట్లో కొట్టిన ఉగ్గుపొడి తేవచ్చో లేదో ముందే అడుగు. కెటిల్ కూడా వద్దు, నిప్పు భయంతో చాలా ఓడల్లో గదిలోకి రానివ్వరు. మరిగించిన నీళ్లు సిబ్బందినే అడుగు, మొహమాటపడకు. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబొయ్యి. అన్నిటికంటే ముఖ్యం: పెద్దవాళ్ల వాంతుల మాత్ర ముక్క కూడా పాపకి వెయ్యకు. రెండేళ్లలోపు పిల్లలకి ఓడ వికారం అరుదు. ఏ మందైనా డాక్టర్ చెబితేనే.