జనుములో నల్ల గొంగళి పురుగులు: మందు కొట్టాలా, దున్నెయ్యాలా?

బెంగళూరు పక్క దొడ్డబళ్ళాపుర దగ్గర మామిడి మొక్కల మధ్య పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లానని, 35 రోజులకే ఆకుల నిండా నారింజ మచ్చల నల్ల గొంగళి పురుగులు పట్టాయని, ఏ మందు కొట్టాలని అడిగారు కదా. పచ్చిరొట్టకే అయితే మందెందుకండీ? ఇంకో పది పదిహేను రోజుల్లో ఎలాగూ మట్టిలో కలిపేసే పైరు అది. పురుగు తిన్న ఆకు కూడా పెంటికలై ఆ మట్టిలోనే పడుతోంది.

ఈ చిన్న లెక్క తట్టక మొదటి ఏడాది చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నేనుండేది బెంగళూరు మారతహళ్ళిలో, పని కంప్యూటర్ ముందు. ఇద్దరు స్నేహితులతో కలిసి హోసకోటె అవతల ఎకరం కౌలుకు తీసుకున్నాం. అందులో అర ఎకరంలో 7 కిలోల జనుము చల్లి, మరుసటి ఏడాదికి విత్తనం కొనే పని లేకుండా ఒక మూల 5 సెంట్లు దున్నకుండా వదిలేద్దాం అనుకున్నాం. పూత మొదలయ్యేసరికి మీకు వచ్చిన పురుగే మాకూ వచ్చింది. జనుముని ఇంగ్లీషులో సన్ హెంప్ అంటారు కదా అని నేను 'హెంప్ పురుగు' అని వెతికాను, వచ్చినవన్నీ అమెరికాలో గంజాయి జాతి పైరుకు పట్టే మొక్కజొన్న కంకి పురుగు కబుర్లు. పేరులో హెంప్ ఉందన్న మాటేగానీ మన జనుము పప్పుజాతి మొక్క, గంజాయికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, ఆ పురుగు వేరు, ఈ పురుగు వేరు.

ఇక్కడ వచ్చేదాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒళ్ళు నలుపు, పొడవునా తెల్ల గీతలు, మధ్యమధ్య నారింజ లేదా ఎరుపు మచ్చలు, పల్చగా వెంట్రుకలు. దీని రెక్కల పురుగు ఇంకా తేలిక, పగలే మొక్కల మధ్య ఎగురుతూ కనిపిస్తుంది, తెల్లటి ముందు రెక్కల మీద ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు, ఎవరో కుంకుమా కాటుకా చల్లినట్టు. శాస్త్రం పేరు యుటెథీసా పుల్చెల్లా. అది చూశారంటే ఇక అనుమానం అక్కర్లేదు. వెంట్రుకలు లేకుండా నున్నగా ఉండి, పగలు మట్టిపెళ్ళల కింద దాక్కుని రాత్రి తింటుంటే మాత్రం అది పొగాకు లద్దె పురుగు. చిన్న పురుగులు ఆకు అడుగున గుంపుగా చేరి ఆకుని జల్లెడ చేస్తుంటే బీహారు గొంగళి కావచ్చు. ఇక మా అనంతపురం వేరుశనగ చేలల్లో తొలకరి వానల తర్వాత చేను మీంచి చేనుకి నడిచే ఎర్ర గొంగళి వేరే లెక్క, మా నాన్న వాళ్ళు రాత్రిళ్ళు గట్ల మీద మంటలు వేసేది దాని రెక్కల పురుగుల కోసమే. ఆ భయమే నాకూ ఎక్కింది.

భయంతో దారిలో ఉన్న ఒక మందుల కొట్టుకి వెళ్ళి ఫోటో చూపిస్తే, అతను పైరు దేనికి వేశారని కూడా అడక్కుండా ఒక ఘాటైన సీసా చేతిలో పెట్టాడు. నేనూ అడగలేదు లెండి. ఆదివారం పొద్దున పదింటికి, పువ్వులు నిండుగా విచ్చుకుని ఉన్నప్పుడు కొట్టాం. పురుగులు చచ్చాయి. విత్తనం కోసం వదిలిన మూలలో కాయలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. పక్క పొలం పెద్దాయన, అటువైపు తెలుగువాళ్ళే చాలామంది, వచ్చి చూసి "ఏమప్పా, తుమ్మెదల్నంతా తరిమేసి కాయలు కాయలేదంటే ఎట్ల?" అన్నాడు. జనుము పువ్వు తనంతట తాను కాయ పట్టడం తక్కువ, నల్ల తుమ్మెద లాంటి బరువైనది వచ్చి వాలి రేకుల్ని నొక్కాలి. మేం కొట్టింది సరిగ్గా వాటికే తగిలింది.

రెండో ఏడు పచ్చిరొట్ట భాగంలో ఏమీ చెయ్యలేదు. పూత కనిపించగానే, 45వ రోజు దాటిందో లేదో, ట్రాక్టర్‌కి రోటవేటర్ పెట్టించి మట్టిలో దున్నించేశాం. ఇంకా ఆగితే కాండం నార తేలి మట్టిలో తొందరగా కుళ్ళదు కూడా. పురుగు మరీ ఎక్కువైతే నాలుగు రోజులు ముందే దున్నెయ్యండి, పోయేదేమీ ఉండదు.

విత్తనం మూల సంగతే కాస్త శ్రమ, ఎందుకంటే ఈ పురుగు ఆకుతో ఆగదు, కాయకి కన్నం పెట్టి లోపలి గింజలు తినేస్తుంది. మాది 5 సెంట్లే కాబట్టి శనివారం, ఆదివారం బకెట్లో సబ్బునీళ్ళు పోసుకుని ఏరేశాం, చేతికి గ్లోవ్స్ వేసుకోండి. మధ్యలో ఒకసారి వేప గింజల కషాయం. కిలో గింజల పొడి 2 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 20 లీటర్లకి నీళ్ళు కలిపి, కాస్త సబ్బు వేసి సాయంత్రం కొట్టాం. బీటీ మందు (పురుగుల్ని చంపే బాక్టీరియాతో చేసింది) వాడాలనుకుంటే పురుగు చిన్నగా ఉన్నప్పుడే, అదీ ఎండ దిగాకే, ఎండకి దాని శక్తి పోతుంది. బాగా ఎదిగిన పురుగు మీద ఖర్చు దండగ. గట్ల మీద గిలిగిచ్చ మొక్కలు ఉంటే పీకెయ్యండి, అవీ జనుము జాతివే, ఈ పురుగు అక్కడా పెరుగుతుంది.

పిట్టలు తినేస్తాయిలే అని మాత్రం కూర్చోకండి. జనుము జాతి మొక్కల్లో ఉండే విషపు పదార్థాల్ని ఈ పురుగు తిని ఒంట్లో దాచుకుంటుంది, ఆ రంగులన్నీ 'నన్ను తినకు' అని చెప్పడానికే. మా తీగల మీద గోరింకలు వరసగా కూర్చునేవి, దీన్ని ఒక్కటీ ముట్టగా నేను చూడలేదు. మామిడికి ఎక్కుతుందేమోనన్న టెన్షన్ వదిలెయ్యండి, దానికి కావలసిన మేత మామిడి కాదు.

ఈ వారం వెళ్ళినప్పుడు ముందు పూత వచ్చిందో లేదో చూడండి. వస్తుంటే మందుల కొట్టుకి కాకుండా రోటవేటర్ అతనికి ఫోన్ చెయ్యండి, వానలు పడ్డాక మా వైపు వాళ్ళు వారం ముందు చెప్పినా దొరకడం లేదు.