రెండేళ్ళ గడువు మీకు వర్తించదు: సిటీ బస్సు గుద్దిన కేసులో ముందు చేయాల్సినవి

టెక్సస్‌లో ఉంటూ కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు సిటీ బస్సు మీ కారుని గుద్దింది, ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మగారికి నడుముకి దెబ్బ తగిలింది, "రెండేళ్ళ టైముంది కదా" అంటున్నారని రాశారు.

ఆ రెండేళ్ళు మామూలు వాహనం గుద్దినప్పటి మాట. ప్రమాదం జరిగిన కాలిఫోర్నియా చట్టమే మీకు లెక్క. అక్కడ ప్రభుత్వ సంస్థ మీద దావా వేయాలంటే ముందు ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు ఆ సంస్థకే రాతపూర్వకంగా క్లెయిమ్ (నష్టపరిహారం అడిగే అర్జీ) ఇవ్వాలి. పోలీసు రిపోర్టు, అడ్జస్టర్‌తో (నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్సు ఉద్యోగితో) ఫోన్ మాటలు దానికి బదులు కావు. చాలామంది దెబ్బతినేది ఇంకోచోట: బస్సు మీద ఊరి పేరున్నా, నడిపేది వేరే ట్రాన్సిట్ సంస్థ అయ్యుండొచ్చు. క్లెయిమ్ సిటీకి పంపి కూర్చుంటే అసలు సంస్థకు ఇవ్వాల్సిన గడువు దాటిపోతుంది. పోలీసు రిపోర్టులో బస్సు యజమాని ఎవరని ఉందో చూడండి.

క్లెయిమ్ అందాక 45 రోజుల్లో వాళ్ళు తేల్చాలి. తిరస్కరిస్తూ ఉత్తరం వస్తే, అది మీకిచ్చిన లేదా పోస్టు చేసిన తేదీ నుంచి 6 నెలల్లో కోర్టులో దావా పడాలి, కాబట్టి కవరు కూడా దాచండి. 6 నెలలు ఇప్పటికే దాటిపోయుంటే, ప్రమాదం జరిగిన ఏడాదిలోపు కారణం చూపిస్తూ ఆలస్యపు క్లెయిమ్‌కి అనుమతి అడగొచ్చు, కానీ దొరుకుతుందన్న భరోసా లేదు. న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఇలాంటి నోటీసుకి 90 రోజులే. అన్నట్టు, ఇంటర్నెట్‌లో పాత పేజీలు నమ్మకండి. ఉదాహరణకి, ఫ్లోరిడాలో మామూలు నిర్లక్ష్యం కేసుల గడువు 2023లో 4 ఏళ్ళ నుంచి 2కి తగ్గింది.

లాయరు ప్రమాదం జరిగిన కౌంటీ దగ్గరివాళ్ళయితే మంచిది. కౌంటీ బార్ అసోసియేషన్ (లాయర్ల సంఘం) రిఫరల్ సర్వీసుకి, అంటే తగిన లాయరు పేరు చెప్పేవాళ్ళకి, ఫోన్ చేయండి, చెప్పిన పేరుని స్టేట్ బార్ వెబ్‌సైట్‌లో చూసి లైసెన్సు, క్రమశిక్షణ చర్యలు సరిచూసుకోండి. అడక్కుండా తామే ఫోన్ చేసేవాళ్ళ జోలికి పోవద్దు. "ప్రభుత్వ సంస్థల మీద క్లెయిములు వేశారా? నా కేసు స్వయంగా ఎవరు చూస్తారు?" అని సూటిగా అడగండి.

లాయరు ఫీజు సాధారణంగా గెలిస్తేనే, వచ్చిన డబ్బులో మూడో వంతు; దావా వేశాక 40 శాతం దాకా పోవచ్చు. కేసు ఖర్చులు ముందు తీసి వాటా లెక్కిస్తారా, తర్వాతా అన్నది కాగితం మీద ఉండాలి. 60,000 డాలర్లు వచ్చి ఖర్చు 6,000 అయితే, మొత్తం మీద మూడో వంతు తీసుకుంటే మీకు 34,000 మిగులుతుంది, ఖర్చులు పోగా తీసుకుంటే 36,000. అందులోంచి హెల్త్ ఇన్సూరెన్సు తాను కట్టింది తిరిగి అడగొచ్చు. ఓడిపోతే ఖర్చులు ఎవరివో కూడా రాయించుకోండి.

అమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చినా క్లెయిమ్ హక్కు ఆవిడదే, సంతకం ఆవిడ గానీ, ఆవిడ తరఫున ఇంకొకరు గానీ పెట్టొచ్చు. ఇండియా తిరిగి వెళ్ళేలోపు ఇక్కడే డాక్టరుకి చూపించి, ఎక్స్‌రేలు, బిల్లుల నకళ్ళు చేతికి తీసుకోండి. వెళ్ళాక అక్కడి వైద్యం రసీదులు కూడా తేదీలతో దాచమనండి.