ట్యూబు పోయింది, పొడి పోలేదు

ప్రశ్న: మాకు టీవీ రిపేరు షాపు ఉండేది. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అటక మీది పాత ఆకుపచ్చ మానిటర్‌ను దింపి, ‘ఇందులో అక్షరం జరిగితే వెనక నీడ మిగులుతోంది, టీవీలో ఎందుకు మిగలదు’ అని అడుగుతున్నాడు. కాలం చెల్లిన వస్తువుల మీద ఈ ధ్యాస చదువుకు పనికొస్తుందా?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: పాత టీవీలు, మానిటర్ల పిక్చర్ ట్యూబుకు కాలం చెల్లిన మాట నిజమేనండీ. అయితే మీ అబ్బాయి అడుగుతున్నది అద్దం లోపల పూసిన పొడి గురించి. ఎలక్ట్రాన్లు తగిలితే వెలిగే ఈ పొడిని ఫాస్ఫర్ అంటారు. పేరు విని భాస్వరం అనుకోవద్దు, చాలా రకాల్లో అది ఉండదు. జింక్ సల్ఫైడులో రవ్వంత వెండి చేరితే నీలం, రాగి చేరితే ఆకుపచ్చ. కలర్ టీవీలో ఎరుపు యూరోపియం అనే లోహం చలవ.

వెలుగు ఎంతసేపు నిలవాలన్నది పనిని బట్టి ఉంటుంది. టీవీలో వెంటనే ఆరిపోకపోతే క్రికెట్ బంతికి తోక మొలుస్తుంది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన ఆకుపచ్చ మానిటర్‌లో మాత్రం కావాలనే నెమ్మదిగా ఆరే పీ39 రకం ఫాస్ఫర్ వాడారు. తెర మినుకుమినుకుమనకుండా ఉండటానికి చెల్లించిన మూల్యమే ఆ నీడ.

నాకు బాగా నచ్చేది రాడార్ తెరల్లో వాడిన పీ7 రకం ఫాస్ఫర్. అందులో రెండు పొరలు. ఎలక్ట్రాన్లు తగిలి ఒక పొర నీలంగా మెరుస్తుంది, ఆ నీలం కాంతి రెండో పొరను పసుపుగా వెలిగిస్తుంది, ఆ పసుపు కొన్ని సెకన్లు నిలుస్తుంది. ఇప్పుడు మీ ఇంట్లో తెల్లటి ఎల్ఈడీ బల్బును చూడండి. అందులోనూ నీలం చిప్, దాని మీద సీరియం అనే లోహం కలిపిన పసుపు ఫాస్ఫర్!

కాబట్టి అతనికి సరిపోయేది ఇలాంటి పదార్థాల గుణాలను చదివే మెటీరియల్స్ సైన్స్. ఐఐఎస్ఈఆర్ (సైన్స్ విద్య, పరిశోధనలకు కేంద్రం నడిపే సంస్థలు) ప్రవేశ పరీక్ష రాయించండి, తిరుపతిలోనే ఒక సంస్థ ఉంది. లేదంటే ఫిజిక్స్, కెమిస్ట్రీలతో బీఎస్సీ చేసి, జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. ఇంజినీరింగే కావాలనుకుంటే వరంగల్ ఎన్ఐటీలో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ బ్రాంచి ఉంది. పరిశోధన దారిలో సంపాదన ఆలస్యమవుతుంది, ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ట్యూబును మాత్రం పగలగొట్టనివ్వకండి. లోపలంతా శూన్యం, గాజు ముక్కలు ఎగిరిపడతాయి. కొన్ని పొడుల్లో కాడ్మియం అనే విషపు లోహం కూడా ఉంటుంది. దానికి బదులు, పాడైపోయిన ఎల్ఈడీ బల్బు ఒకటి ఇచ్చి, లోపలి చుక్కలు పసుపుగా ఎందుకున్నాయో చెప్పమనండి.