పాత సఫారీకి షాకబ్జర్లు మార్చే ముందు

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వడిగింది ఒక్కటే, "మావయ్యా, సఫారీకి షాకబ్జర్లు గాబ్రియేల్ వేయించనా, మన్రో వేయించనా, లేకపోతే ఆ ఆస్ట్రేలియా వాళ్లవి తెప్పించనా" అని. కంపెనీ పేరు ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతి. అంతకంటే ముందు ఇప్పుడున్నవి నిజంగానే పోయాయా, బండి ఏ రోడ్డు మీద ఎక్కువ తిరుగుతుంది, వెనక ఎంత బరువు పడుతుంది, ఇంకెన్నాళ్లు ఉంచుకుంటావు, ఇవి తేలాలి. ఫోన్లో ఇదంతా కుదరలేదు కాబట్టి రాస్తున్నా, తీరిగ్గా చదువు.

మొదట ఒక అపోహ తీసేస్తా. "వెనక మేత బస్తాలు వేస్తే బండి కూర్చుండిపోతోంది, గట్టి షాకబ్జర్లు వేస్తే లేస్తుంది కదా" అన్నావు. లేవదురా. బరువు మోసేది షాకబ్జర్ కాదు, స్ప్రింగు. నీ డైకర్ రకం సఫారీకి ముందు టార్షన్ బార్లు (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు), వెనక కాయిల్ స్ప్రింగులు, మోసేదంతా అవే. మీ పక్కింటి బొలేరోకి వెనక కమాను కట్టలు మోస్తాయి. గుంతలో చక్రం పడ్డప్పుడు స్ప్రింగు ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటుంది, దాని మానాన దాన్ని వదిలేస్తే బండి ఎగురుతూనే ఉంటుంది. షాకబ్జర్ లోపల పిస్టన్ నూనెలో సన్నటి దారుల గుండా కష్టపడి కదులుతుంది కాబట్టి ఆ ఊపు వేడిగా మారి చల్లారిపోతుంది. అంతే దాని పని. వెనక స్ప్రింగులు సాగిలపడిపోయాయని తేలితే ముందు వాటికి ఖర్చు పెట్టాలి, లేకపోతే ఎంత ఖరీదైన షాకబ్జర్ వేసినా నీ బస్తాల సమస్య అక్కడే ఉంటుంది.

ఇది ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. సిమెంటు నేల మీద ఖాళీ బండి పెట్టి, టైర్లలో గాలి సరిచూసి, ఒక్కో చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దాకా టేపుతో కొలువు. నాలుగూ కాగితం మీద రాసుకో. కుడికీ ఎడమకీ తేడా బాగా కనిపించినా, ఖాళీ బండిలోనే వెనక భాగం ముందుకంటే కిందికి వాలినట్టున్నా స్ప్రింగుల సంగతి చూడాల్సిందే.

ఇక షాకబ్జర్ పోయిందో లేదో. బానెట్ మీద నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో చూడమంటారు చాలామంది. చిన్న కార్లకి పనికొస్తుంది గానీ రెండు టన్నుల బండిని నువ్వెంత నొక్కినా ఏం ఊగుతుంది! ఊగి ఆగకపోతే పోయినట్టే, ఊగకపోతే మాత్రం బాగున్నట్టని అనుకోకు. నేను చూసే పద్ధతి వేరు. చెరువు గట్టు లాంటి గతుకుల దారిలో ఓ పావుగంట ఆపకుండా నడుపు, ఆపిన వెంటనే హ్యాండ్ బ్రేక్ వేసి నాలుగు షాకబ్జర్ల కింది భాగాన్నీ జాగ్రత్తగా చేత్తో తాకి చూడు, సైలెన్సర్ పైపు దగ్గర చెయ్యి కాలకుండా. పని చేసినది వెచ్చగా ఉంటుంది. మిగతావి వెచ్చగా ఉండి ఒకటి మాత్రం చల్లగా ఉందంటే అది ఊరికే వేలాడుతోందన్నమాట.

టైర్లు కూడా చెబుతాయి. టైరు చుట్టూ అరచేత్తో నెమ్మదిగా నిమురు, ఎత్తు పల్లంగా, ఒకచోట తిని ఒకచోట మిగిలినట్టు తగిలితే చక్రం రోడ్డు మీద నిలవకుండా ఎగురుతోంది. అలైన్‌మెంట్ తేడా అయితే లోపలి అంచో బయటి అంచో ఒకే తీరుగా అరుగుతుంది, ఈ అరుగుదల వేరు, ఆ అరుగుదల వేరు. బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి దిగడం, అరకు ఘాట్‌లో మలుపు తిరిగాక కూడా బండి ఇంకా పక్కకి ఊగుతూ ఉండటం, ఇవీ లక్షణాలే. ఇంట్లో పిల్లలకి వాంతులవుతున్నాయని అక్క చెప్పింది కదా, అది ఘాట్ రోడ్డు వల్లే కాకపోవచ్చు.

నూనె సంగతి. షాకబ్జర్ ఒంటి మీద సన్నటి చెమ్మ, దానికి దుమ్ము అంటుకుని ఉంటే కంగారు పడకు, నూనె బయటికి రాకుండా ఆపే సీలు దగ్గర ఆ మాత్రం తడి ఉంటుంది. నూనె కిందిదాకా కారి చుక్కలు కనిపిస్తే మాత్రం దాని పని అయిపోయింది. అయితే "డుగ్ డుగ్" చప్పుడు వస్తోంది కాబట్టి షాకబ్జర్లే పోయాయని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకు. ఆ వయసు బండిలో చప్పుడుకి కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టెబిలైజర్ లింకులు ఎక్కువసార్లు కారణం. జాకీ వేసి, కింద స్టాండు పెట్టి, ఇనుప కడ్డీతో ఒక్కో బుష్‌ని కదిపి చూడమను. నువ్వు పక్కనే నిలబడి చూడు.

ఏ రకం వేయాలన్నది నీ రోడ్డు చెబుతుంది. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు నల్లరేగడి నేల. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, పైన తారు ఎంత బాగా వేసినా రెండేళ్లలో రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది. గుంత కంటే ఈ అలలే షాకబ్జర్‌కి పరీక్ష, ఎందుకంటే బండి ఆగకుండా లేస్తూ పడుతూ పోతుంది, లోపలి నూనె వేడెక్కుతుంది. ఉత్త నూనెతో నడిచే రకంలో అలా గంటసేపు పరుగెత్తితే నూనెలో గాలి కలిసి నురగ వస్తుంది, నురగలో పిస్టన్‌కి పట్టు దొరకదు, బండి కాసేపు పడవలా అయిపోతుంది. దీనికి మందుగానే నైట్రోజన్ గ్యాస్ నింపిన రకం వచ్చింది. గ్యాసు ఒత్తిడి నూనెని నురగ కట్టనివ్వదు. గ్యాస్ అనగానే గాలి మీద నడుస్తుందని అనుకోకు, దాంట్లోనూ ఊపు ఆపేది నూనే.

ఈ గ్యాస్ రకంలో మళ్లీ రెండున్నాయి. గొట్టంలో గొట్టం ఉండేది ఒకటి, దాంట్లో గ్యాస్ ఒత్తిడి తక్కువ. ఒకే గొట్టం ఉండేది ఇంకొకటి, దాంట్లో ఒత్తిడి చాలా ఎక్కువ, నూనె ఉన్న గొట్టానికే బయటి గాలి నేరుగా తగులుతుంది కాబట్టి వేడి తొందరగా పోతుంది. రేసుల వాళ్లు, ఎడారి ప్రయాణాల వాళ్లు ఇది ఇష్టపడేది అందుకే. కానీ ఒంటి గొట్టం దానికి రాయి తగిలి సొట్ట పడిందంటే లోపల పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. రెండు గొట్టాల దానికి పై గొట్టం సొట్ట పోయినా లోపలిది నడుస్తూనే ఉంటుంది. గట్ల మీద కంకర ఎగిరి తగిలే నీ బండికి నేనైతే తక్కువ ఒత్తిడి గ్యాస్, రెండు గొట్టాల రకమే వేయిస్తాను. ఎత్తు పెంచని సఫారీకి, కంపెనీ వాడు మొదట ఇచ్చిన గట్టితనానికి దగ్గరగా ఉండేది చాలు.

ఆస్ట్రేలియా వాళ్ల ఓల్డ్ మ్యాన్ ఎము మంచి సరుకు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వాళ్ల షాకబ్జర్లు వాళ్ల స్ప్రింగులతో కలిపి ఆలోచించినవి, ముందు ఇనుప బంపరు, పైన క్యారియరు, వెనక సామాను ఉన్న బండికి నప్పుతాయి. నీ సఫారీ ముందు భాగం ఖాళీ. అలసిపోయిన స్ప్రింగుకి మరీ గట్టి షాకబ్జర్ తగిలిస్తే చక్రం కిందికి దిగడానికే ఆలస్యమవుతుంది, ప్రతి దెబ్బా ఛాసిస్‌కి, దాని మీద బాడీని నిలబెట్టే రబ్బర్లకి పోతుంది. గట్టిగా ఉంటే బాగున్నట్టు కాదు. పైగా నీది 2010 మోడల్, మొదటి పదిహేనేళ్లు 2025లో అయిపోయి ఆర్‌సీ రెన్యువల్ అయింది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ ఫిట్‌నెస్ చూపించాలి. ఆ ఎముకి పెట్టే డబ్బుతో మామూలు మంచి రకం నాలుగూ కొని, మిగిలినదాంతో బుష్‌లన్నీ మార్పించు, బండి నడకలో తేడా నీకే తెలుస్తుంది.

బంప్ స్టాపర్ రబ్బర్ల గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే నేను గట్టిగా చెబుతున్నా. స్ప్రింగు పూర్తిగా ముడుచుకునే లోపు ఛాసిస్‌కి తగిలి ఆపే రబ్బరు ముక్కలు ఇవి. పాత బండ్లలో ఎండిపోయి, పగిలి, ఎక్కడో రాలిపోయి ఉంటాయి. అవి లేకపోతే పెద్ద గుంతలో షాకబ్జర్ పూర్తిగా మూసుకుపోయి లోపల ఇనుముకి ఇనుము కొట్టుకుంటుంది, కొత్తదైనా నెలల్లో చస్తుంది. షాకబ్జర్లతో పాటే అవి కూడా కొను.

ఇంకొకటి. ముందు భాగం కిందికి ఉందని రోడ్డు పక్క మెకానిక్ టార్షన్ బార్ బోల్టు రెండు చుట్లు బిగించి ఎత్తు లేపుతానంటాడు. ఒప్పుకోకు. ఎత్తు వస్తుంది నిజమే, కానీ చక్రం కిందికి జారడానికి ఉన్న చోటు పోతుంది, షాకబ్జర్ ఎప్పుడూ సగానికి పైగా తెరుచుకునే ఉంటుంది, ప్రతి చిన్న గుంతకీ ఠక్కున చివరికి తగులుతుంది. ఇంతకు ముందు యజమాని అలా బిగించి ఉంటే ముందు దాన్ని కంపెనీ చెప్పిన ఎత్తుకి దింపించు, ఆ తర్వాతే కొత్తవి కొలిచి కొను. షాకబ్జర్ పొడవు మూసినప్పుడెంత, తెరిచినప్పుడెంత అన్నది గట్టితనం కంటే ముందు చూడాలి.

కొనేటప్పుడు "సఫారీకి షాకబ్జర్" అని మాత్రం అడగొద్దు. 1998లో వచ్చిన సఫారీ, 2007 నుంచి వచ్చిన 2.2 డైకర్, 2012లో వచ్చిన స్టార్మ్, 2021లో అదే పేరుతో వచ్చిన కొత్త సఫారీ, పేరు ఒకటే గానీ సస్పెన్షన్లు ఒకటి కాదు. 2021 దానికి అసలు ఛాసిస్సే వేరు, ముందు స్ట్రట్‌లు (స్ప్రింగూ షాకబ్జరూ ఒకటిగా ఉండేవి) ఉంటాయి. స్టార్మ్‌కి ముందు టార్షన్ బార్లు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. అందుకని ఛాసిస్ నంబరు పట్టుకుని టాటా పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లి ముందు వెనకల పార్ట్ నంబర్లు రాయించుకో, తర్వాత ఎక్కడ కొన్నా ఆ నంబర్లతో సరిచూసుకో.

గాబ్రియేల్ మన దేశంలో 1961 నుంచి ఉన్న పేరు, మన్రో కూడా పాతదే, జపాన్ వాళ్ల కేవైబీ దొరికినా మంచిదే. నీ పార్ట్ నంబరుకి వీటిలో ఏది అసలు సరుకు బిల్లుతో, వారంటీ కార్డుతో దొరికితే అది తీసుకో. ఇక్కడ ఆటోనగర్‌లో గానీ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ నిజాయితీగా అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ పాతవాటికి సీలు మార్చి, నూనె పోసి, నల్ల రంగు కొట్టి సగం ధరకి ఇచ్చే రీకండిషన్ సరుకూ ఉంది. గుర్తుపట్టడం ఇలా: షాకబ్జర్‌లోని పిస్టన్ కడ్డీని పూర్తిగా బయటికి లాగి వెలుతురులో తిప్పుతూ చూడు, వేలి గోరుతో పై నుంచి కిందికి గీయి. కొత్త క్రోమ్ మీద గోరు జారిపోతుంది. ఎక్కడైనా చిన్న గరుకు, సూది మొనంత తుప్పు మచ్చ తగిలితే వద్దను, ఆ మచ్చే రోజూ సీలుని కోస్తుంది. వెల్డింగ్ దగ్గర రంగు మందంగా ఉన్నా అనుమానించు. పెట్టె మీద తయారీ తేదీ కూడా చూడు, ఏళ్ల తరబడి గోడౌన్లో పడున్న దాంట్లో రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది.

ఒకటే మార్చొద్దు. మారిస్తే ముందు రెండూ, లేదా వెనక రెండూ. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

బిగించే రోజు షెడ్డులో నువ్వుండాలి. పాతది విప్పాక నిలువుగా పట్టుకుని కడ్డీని నొక్కి లాగి చూడు, ఏం పోయిందో నీ చేతికే తెలుస్తుంది: మంచిదైతే మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరు బరువు, లాగేటప్పుడు ఇంకాస్త ఎక్కువ, పోయినదైతే మధ్యలో ఒకచోట చేతికి ఏమీ తగలకుండా సర్రున జారి మళ్లీ పట్టుకుంటుంది. కొత్తది పెట్టెలో పడుకుని వచ్చి ఉంటుంది, లోపలి గొట్టంలోకి గాలి చేరి ఉంటుంది. బిగించే ముందు నిటారుగా నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి వదలమను. కడ్డీ తిరగకుండా ఉండటానికి పట్టకారుతో పట్టుకుంటారు కొందరు, అక్కడ పడిన గీత చాలు సీలు చిరగడానికి, అది మాత్రం చేయనివ్వకు.

అన్నిటికంటే ముఖ్యమైంది, చాలా షెడ్లలో చేయనిది: బుష్ ఉన్న బోల్టులని బండి గాల్లో ఉండగా ఆఖరి బిగింపు బిగించకూడదు. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుంటుంది, బండి దించగానే మెలి తిరిగి, ఎప్పుడూ ఆ మెలికలోనే పనిచేసి తొందరగా చిరిగిపోతుంది. వదులుగా తగిలించి, నేల మీదికి దించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక కిందికి దూరి బిగించాలి. కష్టమే, మెకానిక్ విసుక్కుంటాడు, అయినా పట్టుబట్టు. పైన కడ్డీకి రబ్బరు వాషర్లతో నట్టు ఉన్న చోట రబ్బరు కాస్త ఉబ్బేదాకా చాలు, బలమంతా పెట్టి నలిపేయకూడదు. నట్లు కొత్తవే వాడమను.

విప్పిన గ్యాస్ షాకబ్జర్లని పాత ఇనుము కుర్రాళ్లు కట్టర్‌తో కోయడం చూశాను, లోపల ఒత్తిడి ఉంటుంది, చాలా ప్రమాదం. అలా కోయొద్దని వాళ్లకి చెప్పు.

తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించు, టార్షన్ బార్ ముట్టుకుని ఉంటే తప్పనిసరి. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ ఒకసారి చూపించు. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పునీళ్లలోంచి వచ్చిన రోజు బండి కింద మంచినీళ్లు కొట్టించడం మర్చిపోకు, ఆ ఉప్పు కడ్డీ మీద ఆరితే పైన చెప్పిన తుప్పు మచ్చలు కొత్త సరుకు మీద కూడా వస్తాయి.

ముందు ఆ నాలుగు కొలతలూ, పాత షాకబ్జర్ల మీద లేబుల్ ఫోటోలూ పంపు. వెనక స్ప్రింగులు ఉంచాలా మార్చాలా అన్నది అవి చూశాక చెబుతా. అక్కనీ బావనీ అడిగానని చెప్పు.

మీ మావయ్య