సొంతంగా వండుకుని ఉండే పల్లె కాటేజీ ఎంచుకోవడం ఎలా?

అత్తగారు, ఇద్దరు చిన్నపిల్లలతో కలిపి మొత్తం ఏడుగురు, పల్లెలో ఒక వారం సొంతంగా వండుకుని ఉండటానికి కాటేజీ చూస్తున్నాం, ఫొటోల్లో అన్నీ బాగానే ఉన్నాయి, ఏది తీసుకోవాలో తేలడం లేదు అని అడిగారు కదా. మా ఇంట్లో సెలవులకు ఇల్లు వెతికే పని చాలా ఏళ్లుగా నాదే, కాబట్టి నేనెలా చూస్తానో చెబుతాను.

నేను ముందు తెరిచేది వంటగది ఫొటో. వ్యూ, వరండాలో ఊయల, మంట చుట్టూ కుర్చీలు ఇవన్నీ దాని తర్వాతే. హోటల్లో ఏదైనా బాగాలేకపోతే కిందికి ఫోన్ చేస్తే సరిపోతుంది. ఇలాంటి ఇంట్లో మూడు పూటలా వంట మనదే, అంట్లు మనవే, ఏదైనా లేదని తెలిస్తే పక్క సందులోకి వెళ్లి తెచ్చుకోవడానికి కొట్టు ఉండదు. వంటగది ఇరుకుగా ఉంటే ఇంట్లో ఒకరిద్దరికి అసలు సెలవే ఉండదు, రోజంతా స్టవ్ దగ్గరే గడిచిపోతుంది. నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది అదే, అందుకే దీని మీద ఇంత పట్టుదల.

ఫొటోని జూమ్ చేసి చూడండి. బర్నర్లు ఎన్ని, సింకు పక్కన కడిగిన గిన్నెలు బోర్లించడానికి జాగా ఉందా, ఫ్రిజ్ నడుం ఎత్తుదా మనిషి ఎత్తుదా. "అన్ని సదుపాయాలున్న వంటగది" అని రాసిన ఒక ఇంట్లో, ఎనిమిది మందికి సరిపోతుందని చెప్పిన చోట, మాకు కనిపించినవి రెండు చిన్న గిన్నెలు, పిడి ఊగిపోతున్న పెనం ఒకటి, టమాటా కూడా కోయలేని కత్తి, ఏ గిన్నెకీ సరిపోని మూతలు. అప్పటినుంచి నేను "గిన్నెలున్నాయా" అని అడగను, "అన్నిటికంటే పెద్ద గిన్నె ఎన్ని లీటర్లది" అని అడుగుతాను. స్టవ్ ఏ రకమో కూడా అడగండి. ఇండక్షన్ అయితే అడుగున అయస్కాంతం అతుక్కునే గిన్నెలే వేడెక్కుతాయి, మామూలు అల్యూమినియం, రాగి గిన్నెలు పనిచేయవు, మీ గిన్నె తీసుకెళ్లాలనుకుంటే ఫ్రిజ్ మీదుండే మాగ్నెట్ ఒకటి దాని అడుగున పెట్టి చూసుకోండి. గ్యాస్ అయితే రెండో సిలిండర్ ఉందో లేదో కనుక్కోండి, మారుమూల చోట రాత్రిపూట గ్యాస్ అయిపోతే ఎవరూ తెచ్చివ్వరు. మంచి కత్తి ఒకటి, మీకు అలవాటైన పెద్ద గిన్నె ఒకటి ఎలాగూ కారులో పడేసుకోండి.

ఎంతమంది పడతారన్న లెక్క తర్వాతి విషయం. 8 మంది అని ఉంటే అందులో ఇద్దరు హాల్లో సోఫా కమ్ బెడ్ మీద పడుకునేవాళ్లు అయ్యుండొచ్చు, అంటే వాళ్లు లేచేదాకా మిగతావాళ్లు హాల్లోకి రాలేరు. భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు లెక్కపెట్టండి, అవి పడకల కంటే తక్కువుంటే ఆ ఇంట్లో అంతమంది ఉండటాన్ని ఓనర్ నిజంగా ఊహించలేదని అర్థం. మీ అత్తగారి కోసం కింది అంతస్తులో పడక, అదే అంతస్తులో బాత్రూం తప్పనిసరి. పాత ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, ఒక గదిలోంచి వెళ్తేనే ఇంకో గది వచ్చేలా కట్టినవీ ఉంటాయి. చేత్తో గీసిన ప్లాన్ అయినా ఫర్వాలేదు పంపమనండి. పిల్లలున్నారు కాబట్టి ఆవరణలో బావి, చెరువు, కంచె లేని స్విమ్మింగ్ పూల్ ఏమైనా ఉన్నాయా, గేటుకి గడియ పడుతుందా అని నేరుగా అడగండి. వీటిని ఫొటోల్లో వెతకొద్దు, కనిపించకపోతే లేవని కాదు.

నీళ్లు బావివో బోరువో అయితే ఈ మధ్య టెస్ట్ చేయించారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. నమ్మకం లేకపోతే తాగే నీళ్లను బాగా మరిగిన తర్వాత ఒక నిమిషం పాటు అలాగే మరగనివ్వాలి, సముద్రమట్టానికి 2000 మీటర్ల పైన ఉన్న చోటైతే మూడు నిమిషాలు. సూక్ష్మక్రిములు చావడానికి ఇది చాలు, నైట్రేట్ లాంటి రసాయనాలు మాత్రం కాచినంత మాత్రాన పోవు, అందుకే చిన్నపిల్లలుంటే తాగడానికి బయటినుంచి నీళ్లు తీసుకెళ్లడమే నాకు నయమనిపిస్తుంది. గీజర్ ఎన్ని లీటర్లదో తెలిస్తే పొద్దున స్నానాల వరుస ముందే వేసుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లైతే వెట్ వైప్స్, వాడిన నూనె అందులోకి పోకుండా పిల్లలకు, పెద్దలకు అందరికీ ఒకసారి చెప్పండి.

చలి ప్రాంతమై, కట్టెల పొయ్యితోనో గ్యాస్ హీటర్‌తోనో ఇల్లు వెచ్చబరిచే పద్ధతి ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ఇంట్లో దానికి అలారం ఉందా అని అడగండి, ఉందన్నా సరే బ్యాటరీతో నడిచే చిన్న అలారం ఒకటి వెంట తీసుకెళ్లండి, అరచేతిలో పట్టేంతే ఉంటుంది. బయట బార్బెక్యూ చేసుకున్నాక బొగ్గులు ఆరినట్టు కనిపించినా వెచ్చగా ఉంటుందని ఆ కుంపటిని ఎవరూ లోపలికి తేకూడదు. ఈ ఒక్క విషయంలో ఇంట్లో అందరి మీదా గట్టిగా అరిచే మనిషిని నేను, అరవడం తప్పనుకోను కూడా.

చోటు గురించి. చాలా బుకింగ్ సైట్లు డబ్బు కట్టేదాకా మ్యాప్‌లో సుమారు ప్రాంతమే చూపిస్తాయి. దగ్గర్లో ఉన్న ఊరి పేరు అడిగి శాటిలైట్ వ్యూలో చుట్టుపక్కల ఏముందో చూడండి. హైవే, రైలు పట్టాలు, క్వారీ, కోళ్ల ఫారం, ఇవేవీ ఫొటోల్లోకి రావు. "ఊరికి పది నిమిషాలు" అంటే కారులోనా నడకనా అని అడగండి, చివరి మట్టి రోడ్డు వానలో కూడా మీ కారుకి పనికొస్తుందా అనీ అడగండి. ఏ నెట్‌వర్క్ సిగ్నల్ వస్తుందో తెలుసుకోండి, అసలు రాకపోతే వైఫై మీద కాల్స్ వెళ్లేలా ఫోన్లో సెట్టింగ్ ముందే ఆన్ చేసుకోండి. మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని, దారి గుర్తులు, తాళంచెవి ఉంచే పెట్టె కోడ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చీకటి పడకముందే చేరేలా బయల్దేరండి.

రివ్యూల్లో ఐదు నక్షత్రాలవి నాకు పెద్దగా పనికిరావు, మూడు, నాలుగు ఇచ్చినవాళ్లే ఉపయోగపడే మాటలు రాస్తారు. మీరు వెళ్లే నెలలోనే వెళ్లినవాళ్లవి, పిల్లలతో వెళ్లినవాళ్లవి వెతకండి. ఒక లోపం గురించి వేర్వేరు మనుషులు వేర్వేరు నెలల్లో రాశారంటే అది ఇంకా అలాగే ఉందనుకోండి.

ఇవన్నీ చూశాక రెండు మూడు ఇళ్లు మిగులుతాయి. అప్పుడు మీ ప్రశ్నలన్నీ ఒకే మెసేజ్‌లో రాసి అందరికీ పంపండి, జవాబు వచ్చే తీరే తేల్చేస్తుంది. నేను గిన్నెల గురించి అడిగితే ఒకాయన "అన్నీ ఉంటాయండీ, కంగారు పడకండి" అని ఊరుకున్నారు. ఇంకొకావిడ అదే సాయంత్రం వంటగది అల్మరా తలుపులు తీసి ఫొటో పంపి, "చివరి బర్నర్ మంట కొంచెం సన్నగా వస్తుంది, పాలు కాచుకోవడానికి వాడుకోండి" అని రాశారు. మేము ఆవిడ ఇల్లే తీసుకున్నాం. లోపాన్ని తనంతట తాను చెప్పిన ఓనర్ మిగతావి దాచరని నా నమ్మకం, అక్కడ ఆ బర్నర్ తప్ప వేరే ఇబ్బందేమీ రాలేదు కూడా.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. రాత్రికింత అన్న ధర కాకుండా క్లీనింగ్ ఫీజు, డిపాజిట్, దుప్పట్లు తువ్వాళ్లు, కట్టెలు, కరెంటు మీటరు విడిగా ఉంటే అది, అన్నీ కలిపిన మొత్తంతో పోల్చండి. కాన్సిల్ చేస్తే ఎంత వెనక్కొస్తుందో చదవండి. సైట్‌లో పరిచయమైన ఓనర్ బయట డబ్బు పంపమంటే వద్దనండి, గొడవ వస్తే సైట్ వాళ్లు పట్టించుకోరు. కెమెరాల గురించి కూడా అడగాలి. ఇళ్లు బుక్ చేసుకునే సైట్ ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది, బయట ఉంటే ముందే చెప్పాలి. వేరే చోట బుక్ చేస్తే అక్కడి నియమం ఏమిటో చూసుకోండి.

చేరిన రోజు రాత్రికి తినడానికి ఇంటినుంచే వండి తీసుకెళ్లండి, ఆ పూట ఎవరికీ వండే ఓపిక ఉండదు. సామాను దింపగానే బర్నర్లన్నీ వెలిగించి, గీజర్ ఆన్ చేసి, ఫ్లష్‌లు నొక్కి, ఫ్రిజ్ చల్లబడుతోందా అని చూసి, ఏదైనా పనిచేయకపోతే ఫొటో తీసి సైట్ మెసేజ్‌లోనే ఓనర్‌కి పెట్టండి. ఆ సాయంత్రమే చెబితే మర్నాడు పొద్దున్నే ఎవరినైనా పంపుతారు. నాలుగో రోజు చెబితే అది మీవల్లే పాడైందన్న మాట పడాల్సి రావచ్చు.