ఇంటికి వచ్చిన ఏడాది ఎవరిది?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పెళ్లయిన ఏడాదికే నా భర్తతో కలిసి ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకు మిషనరీగా వెళ్లాను. పద్నాలుగేళ్లు గిరిజన గ్రామాల్లో సేవ చేశాము. మమ్మల్ని పంపిన సంస్థ ఈ ఏప్రిల్‌లో ఒక సంవత్సరం సెలవు ఇచ్చింది. కడపలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాము. ఇక కొంత విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. కానీ మావారు వారానికి నాలుగైదు ప్రార్థన కూడికలు ఒప్పుకుంటున్నారు. ప్రతిచోటా నేను సాక్ష్యం, అంటే మా సేవలో దేవుడు చేసిన మేలు, చెప్పాలి, పిల్లలు అక్కడి భాషలో పాట పాడాలి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పోయిన నెల ప్రొద్దుటూరులో వేదిక ఎక్కనని మొండికేసింది. మావారు అందరి ముందూ కోప్పడ్డారు. అప్పటినుంచి తండ్రీకూతుళ్ల మధ్య మాటలు లేవు. ఏడేళ్ల బాబు రోజూ సాయంత్రం "మనం ఇంటికి ఎప్పుడు పోతాం?" అని అడుగుతాడు. వాడి దృష్టిలో ఇల్లంటే కోరాపుట్. పల్లెలో మా అత్తగారికి షుగరు, కాలికి మానని పుండు. ఇన్నేళ్లూ నా తోడికోడలే చూసుకుంది. "దేవుని పని అని మీరు పోయినారు, అమ్మానాయనల పని మాకు వదిలినారు" అని బావగారు ముఖం మీదే అన్నారు. నాకు మూడు నెలలుగా సరిగా నిద్ర లేదు, ఊరికే ఏడుపు వస్తోంది. ఈ మాట సంఘంలో చెబితే విశ్వాసం తగ్గిందంటారు. నేనేం చేయాలి?

— ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, ఈ ఏడాది ఎవరి కోసమన్నది మీ ఇంట్లో ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నట్టు లేదు. మీరు దీన్ని విశ్రాంతి అనుకున్నారు. మీ భర్త, ఇన్నేళ్లు ప్రార్థించి కానుకలు పంపిన సంఘాలకు లెక్క అప్పజెప్పవలసిన సమయం అనుకున్నారు. మీ బావగారు, తమ్ముడు ఇన్నాళ్లకు బరువు పంచుకోవడానికి వచ్చాడనుకున్నారు. ఉన్న పన్నెండు నెలలనూ ముగ్గురు మూడు రకాలుగా లెక్కగట్టుకున్నారు, పిల్లలను మాత్రం ఎవరూ అడగలేదు. ఈ ముగ్గురిలో ఎవరి లెక్కా తప్పు కాదు కాబట్టే మీ చిక్కు ఇంత గట్టిగా బిగుసుకుంది.

దాన్ని విప్పే ముందు మీ నిద్ర సంగతి చూడాలి, ఎందుకంటే మూడు నెలలు నిద్ర లేని మనిషి ఏ సంభాషణనూ నిదానంగా నడపలేదు. కోరాపుట్ మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతం, మీరు అక్కడ పద్నాలుగేళ్లు ఉన్నారు. ముందు మామూలు డాక్టరు దగ్గర రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని, పాత జ్వరాల సంగతి కూడా చెప్పండి. అవి బాగున్నా నిద్ర, ఏడుపు ఇలాగే ఉంటే కడప రిమ్స్‌లో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లండి. ఇంటి నుంచే మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. అది ఉచితం, ఏ వేళయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఎప్పుడైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే, ఆ గంటలోనే చెప్పండి, మరుసటి ఆదివారం ప్రార్థన కోసం ఆగకండి.

విశ్వాసం తగ్గిందంటారేమోనన్న మీ భయం నాకు అర్థమవుతుంది. మీరు నమ్మే గ్రంథంలోనే ఏలీయా ప్రవక్త కథ ఉంది. అంత గొప్ప విజయం తర్వాత ఆయన ఎడారిలో బదరీవృక్షం కింద పడుకుని, ఇక నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతాడు. అప్పుడు దేవదూత ఆయనను మందలించలేదు, సాక్ష్యం చెప్పమనలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, లేచాక మళ్లీ తినిపించాడు. ఆ పైనే ప్రయాణం. అలాగే 1793లో బెంగాలుకు వచ్చిన ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ గారి నలభై ఏళ్ల సేవ గురించి మన సంఘాల్లో చాలాసార్లు చెబుతారు. వచ్చిన మరుసటి ఏడే వారి అయిదేళ్ల కొడుకు పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడనీ, భార్య డొరొతీ గారి మనసు అప్పటినుంచి చెదిరిపోయి 1807లో ఆమె మరణించేదాకా కుదుటపడలేదనీ చెప్పేవారు తక్కువ. మీది ఆ పరిస్థితి కాదు, మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. మిషనరీ భార్య అలసటను లెక్కలోకి తీసుకోకపోవడం ఇవాళ పుట్టిన అలవాటు కాదని మాత్రం చెబుతున్నాను.

ఫర్లో అని పిలిచే ఈ మిషనరీల సెలవు ఏర్పాటు కూడా పాతదే. ఆ మాట సైన్యం నుంచి వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టిన కాలంలో ఇంగ్లండుకు ఓడ ప్రయాణానికే నెలలు పట్టేది. అంత దూరం వెళ్లినవారు ఒంటిని బాగుచేసుకోవడం, సంఘాలను కలిసి రావడం, రెండూ ఆ సెలవులోనే చూసుకునేవారు. మీ భర్త రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేశారు. ఆయన చెడ్డవారని నేను అనుకోను. పద్నాలుగేళ్లు ఒక అడవి ప్రాంతంలో ప్రతి ఉదయం చేయవలసిన పని ఉన్న మనిషికి, కడపలో అద్దె ఇంటి వరండాలో ఖాళీగా కూర్చోవడం భయంగా ఉంటుంది. కూడికకు పిలిస్తే ఆ భయం తీరుతుంది. నా దగ్గరకు వచ్చిన కుటుంబాల్లో, పదవీ విరమణ చేసిన ఆర్టీసీ ఉద్యోగుల్లోనూ నేను ఇదే చూశాను.

ఇక మీ అమ్మాయి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ సేపు ఆపిన వాక్యం అదే. ఆమె స్థానంలో ఒకసారి నిలబడి చూడండి. పదమూడేళ్ల పిల్ల, తెలుగు మాట్లాడగలదు గానీ తోటి పిల్లల్లా చదవలేదేమో, కొత్త స్కూల్లో ఇంకా స్నేహితులు లేరు. ఆదివారం పూట ఒక పెద్ద మందిరంలో, కడప ఎండలో, కోరాపుట్ పద్ధతిలో చీర కట్టించి వేదిక మీద నిలబెడతారు. కింద ముందు వరుసలో ఆమె వయసు పిల్లలు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తారు. అక్కడ ఆ పాట ఆమె పక్కింటి స్నేహితురాలితో పాడుకున్న పాట. ఇక్కడ అది వింత. తన స్నేహితులను, తన ఊరిని ఎవరికో చూపించి కానుకలు తెస్తున్నామన్న భావం ఆ వయసు పిల్లకు తప్పక కలుగుతుంది, అది పూర్తిగా అబద్ధమని కూడా నేను అనలేను. ఆమె వేదిక ఎక్కనన్నది మొండితనం కాదు, ఆత్మగౌరవం. కుటుంబం మొత్తం సేవకు పిలువబడిందని మీ సంస్థవారు అనవచ్చు, కానీ ఆ పిలుపుకు ఒప్పుకున్నది మీరిద్దరే. పిల్లలు ఒప్పుకోవాలంటే వాళ్లకు కాదనే వీలు కూడా ఉండాలి.

కాబట్టి మీ భర్త చేయవలసిన మొదటి పని క్షమాపణ. అందరి ముందు కోప్పడ్డారు గనుక ఇంట్లో గుసగుసగా "సరేలే" అంటే చాలదు. "ప్రొద్దుటూరులో నిన్ను నలుగురిలో అవమానించాను, అది నా తప్పు, ఇకమీదట నిన్ను అడగకుండా ఎక్కడా పాడిస్తానని ఒప్పుకోను" అని ఆమె తమ్ముడి ముందు కూడా చెప్పాలి. ఆ మాట అన్న వెంటనే "కానీ నువ్వు కూడా" అని మొదలుపెట్టకూడదు. తండ్రి నోటి నుంచి ఆ మాట రావడం మన ఇళ్లలో అరుదు, నాకు తెలుసు. మీరే ముందు వెళ్లి రాయబారం నడపాలన్న ఆశ మీకు కలుగుతుంది, దయచేసి నడపకండి. ఇద్దరినీ ఒక సాయంత్రం బండి మీద పెన్నా వైపో, గండికోటకో పంపండి, మీరు ఇంట్లోనే ఉండండి.

ఆమె చదువు గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. మీరు ఏప్రిల్‌లో తిరిగి వెళితే ఆమె తొమ్మిదిలోకి వస్తుంది. సీబీఎస్ఈ స్కూలైతే తొమ్మిదిలోనే బోర్డు పేరు నమోదు చేసుకుంటుంది, పదిలో బడి మార్చడం కష్టం. మన రాష్ట్ర బోర్డు బడిలో వేసి ఉంటే తెలుగు పేపరు ఆమెకు భారమవుతుంది. అందుకని తొమ్మిది, పది ఏ ఊళ్లో, ఏ బోర్డులో చదువుతుందో ఈ సంక్రాంతిలోపు ఆమెను కూడా కూర్చోబెట్టుకుని తేల్చండి. హాస్టలా, మీ దగ్గరా అన్నది కూడా అప్పుడే.

కూడికల విషయంలో మీ భర్తతో ఇలా మాట్లాడండి. గోడ మీద క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టండి. మిగిలిన నెలల్లో ప్రతి నెలా రెండు ఆదివారాలు మీ సొంత సంఘంలో, మామూలు విశ్వాసుల్లా వెనుక వరుసలో కూర్చునేవిగా గుర్తు పెట్టండి. వారంలో కనీసం మూడు సాయంత్రాలు ఇంటివి. మిగిలినవి ఆయనవి, ఎక్కడికైనా వెళ్లి రానివ్వండి, అడ్డు చెప్పకండి. మీ సాక్ష్యం నెలకు ఒక్కసారి, అదీ మీకు ఇష్టమైన చోట. పాస్టరు గారు ఫోను చేసి "అమ్మగారు కూడా రావాలి" అన్నప్పుడు మీ భర్త ఏం చెప్పాలో కూడా ముందే అనుకోండి: "ఈ నెల ఆమెకు విశ్రాంతి అండీ, నేను వస్తాను." దీనికి వివరణ అక్కర్లేదు. ఆయన ఒప్పుకోకపోతే మీ సంస్థలో మీ కుటుంబం బాగోగులు చూసే పెద్దకు మీరే ఉత్తరం రాయండి. భర్తపై ఫిర్యాదుగా కాకుండా, డాక్టరు చెప్పిన సంగతితో సహా, ఈ సెలవు దేనికి ఇచ్చారో లిఖితపూర్వకంగా చెప్పమని అడగండి. చాలామంది సేవకులు ఇంట్లో మాట వినకపోయినా సంస్థ మాట వింటారు.

బావగారి మాట మీకు ఎందుకు అంత గుచ్చుకుందంటే అందులో నిజం ఉంది. యేసు ప్రభువు కాలంలో కొందరు తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తప్పించుకునేవారు. ఆయన ఆ పద్ధతిని మార్కు సువార్త ఏడో అధ్యాయంలో కఠినంగా ఖండించాడు. మీరు తప్పించుకున్నారని నేను అనడం లేదు. కానీ ఆ పల్లె ఇంట్లో పద్నాలుగేళ్లు అత్తగారిని చూసుకుని, పుండు కడిగి కట్టు కట్టిన మీ తోడికోడలికి మీ సేవా నివేదికలు వినిపించి ప్రయోజనం లేదు. ఆమెకు ఒక్కటే సాయం: మీ అత్తగారిని మూడు నెలలు కడపకు తెచ్చుకోండి. రెండు గదులే కావచ్చు, పిల్లలు కింద పడుకుంటారు. కాలి పుండు ఉన్న షుగరు మనిషిని ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించాలి, రోజూ రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూడాలి, వట్టి కాళ్లతో నడవనివ్వకూడదు. ఆ పనిలో సగం మీ భర్తది. ఆసుపత్రి క్యూలో చీటీ పట్టుకుని నిలబడేది ఆయనే కావాలి, మీకు ఇంకో చాకిరి తగిలించడానికి నేను ఇది చెప్పడం లేదు. ఒకవేళ మీ ఆరోగ్యం చూసి డాక్టరు వద్దంటే ఆయనే వారానికి మూడు రోజులు పల్లెలో ఉండి రావాలి. తోడికోడలికి ఆ మూడు నెలలూ పుట్టింటికి వెళ్లి రావడానికి వీలు దొరుకుతుంది. జేజి పక్కన కూర్చుని జొన్న రొట్టె తినే అవకాశం మీ పిల్లలకు పద్నాలుగేళ్లలో ఎన్నిసార్లు వచ్చింది?

డబ్బు సంగతి బావగారితో దాచకండి. మీ భత్యం ఎంతో, కూడికల్లో కవర్లలో వచ్చిన కానుకల్లో ఏది సేవకు, ఏది కుటుంబానికి అన్నది మీ సంస్థను అడిగి ఒక పుస్తకంలో విడివిడిగా రాసుకోండి. అప్పుడు అమ్మ మందులకు నెలకు ఇంత ఇవ్వగలమని నిజమైన అంకె చెప్పగలుగుతారు. అది చిన్నదే అయినా సరే. మిషనరీలకు బయటి దేశం డబ్బు వస్తుందన్న అపోహ మన పల్లెల్లో బలంగా ఉంది, మీరు చెప్పకపోతే బావగారూ అదే అనుకుంటారు.

చివరగా మీ బాబు. రోజూ సాయంత్రం అడిగే ప్రశ్నకు "ఇదే మన ఇల్లు నాన్నా" అని జవాబు చెబుతున్నారేమో, అలా చెప్పకండి, వాడికది ఇల్లు కాదు. అక్కడి స్నేహితుడికి వారానికోసారి ఫోను కలిపి ఇవ్వండి, వాడి భాషలో వాణ్ణి మాట్లాడుకోనివ్వండి. తిరిగి వెళ్లే నెల ఖాయమైతే ఆ నెల పేరు చెప్పి, క్యాలెండరులో వాడి చేతే గీత గీయించండి. ఖాయం కాకపోతే, "మాకూ ఇంకా తెలియదు, తెలిసిన రోజే నీకు చెబుతాం" అనండి.